అడగనిదే మార్చని మావయ్య

మా మావయ్య ఎవర్నీ అడగకుండా ఏ పనీ చెయ్యడు. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఆయనది. కుర్చీలో పిల్లి పడుకుని ఉంటే "కాస్త జరుగుతావా?" అని అడుగుతాడు. అది జరక్కపోతే ఆ పూటంతా నిలబడే పనిచేస్తాడు.

మిషను తెచ్చినవాళ్ళతో, "ఈ స్క్రూ విప్పమంటారా?" అంటాడు.

"విప్పకపోతే ఎలా బాగవుతుందండీ?"

"అదీ నిజమే. అయితే విప్పమంటారా?"

అలాంటి మనిషి కుట్టుపని మీద నెట్టులో ఒక వికీ మొదలుపెట్టాడు. పని తెలిసినవాళ్ళెవరైనా అందులో పేజీలు రాయొచ్చు, దిద్దొచ్చు. కంప్యూటరు పని నాది. ఆ వికీ లైసెన్సులో ఒకటే షరతు: ఎవరైనా వాడుకోవచ్చు గానీ అమ్మకూడదు. కొన్నేళ్ళకి ఒక ప్రెస్సువాళ్ళు వచ్చి, దీన్ని పుస్తకంగా వేసి నెట్టు లేని ఊళ్ళకి పంపుతామన్నారు, అమ్ముకోనిస్తేనే. అంటే లైసెన్సు మార్చాలి. ఎవరు రాసింది వాళ్ళదే కాబట్టి రాసినవాళ్ళందరూ ఒప్పుకోవాలి.

ఇంకేముంది, మావయ్య కాళ్ళు నేలమీద ఆగలేదు. ఎక్కడో ఒక కామా పెట్టి వెళ్ళిపోయినాయన్ని కూడా వెతికి పట్టుకున్నాడు.

"నేను పెట్టింది ఒక్క కామాయే కదండీ," అన్నాడాయన.

"మీ కామాయే కదండీ," అన్నాడు మావయ్య.

చివరికి ఒక్క పెద్దావిడ మిగిలింది. గుండీలు దూరే కాజాలు చేత్తో ఎలా కుట్టాలో ఒకే ఒక్క పేజీ రాసిందావిడ. ఇప్పుడు కొడుకు దగ్గరుంటోంది. మావయ్య రెండుసార్లు వెళ్ళి ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడు. ఈ వారం తేల్చకపోతే వేరే పుస్తకం మొదలుపెడతామని ప్రెస్సువాళ్ళు చెప్పేశారు.

"ఆ పేజీ తీసేసి మనమే కొత్తగా రాద్దాం మావయ్యా," అన్నాను.

"ఆవిడ్ని అడగకుండానా?"

మూడోసారి నేనూ వెంట వెళ్ళాను. "అసలావిడ కాదంటోందా?" అని దారిలో అడిగాను.

"లేదే. మొదటిరోజే సరేనంది."

"మరి ఈ తిరుగుడెందుకు?"

"కొడుకు 'సరే అనెయ్యమ్మా' అన్నాడు, అనేసింది. నా వైపు చూడనైనా లేదు. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఆ అబ్బాయే చెప్తాడు. మంచివాడే పాపం. కానీ ఆ 'సరే' అతనిది. అందుకే, తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి, మళ్ళీ వస్తానన్నాను."

"మరి రెండోసారి?"

"నా వైపు చూసింది. ఇంకా ఆలోచిస్తున్నానంది."

మేం వెళ్ళేసరికి ఆవిడ తల దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని ముందుగదిలో కూర్చుని ఉంది. కొడుకు మంచినీళ్ళు తెచ్చి, "సరే అనెయ్యమ్మా, ఎన్నిసార్లు తిరుగుతారు వాళ్ళు?" అన్నాడు.

"నువ్వుండు," అందావిడ. "వాళ్ళు అడిగింది నన్ను."

కొడుకు గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"పుస్తకం వేసి అమ్ముకోమనండి, నాకిష్టమే," అంది మావయ్యతో. "కానీ ఆ పేజీలో బొమ్మ బాలేదు. నేను కుట్టి చూపిస్తాను, ఫొటో తియ్యండి."

ఒళ్ళో గుడ్డ పరుచుకుంది. సూదిలోకి దారం వెంటనే ఎక్కలేదు. కొడుకు సాయానికి రాబోయి, ఏమనుకున్నాడో, ఆగాడు. కాసేపటికి ఎక్కింది.

మావయ్య ఫోను ఎత్తి పట్టుకుని, "తియ్యమంటారా?" అన్నాడు.

"అందుకేగా కూర్చున్నాను," అందావిడ జుట్టు సవరించుకుంటూ.