ముంగట కట్టిన మోటరు

ముందుగాల బ్యాటరీ బరువు సంగతి రాయి బిడ్డా. అది రాయకుంటే నేనెంత అలిసిపోయిన్నో సదివేటోళ్లకు ఎర్కగాదు. కారు బ్యాటరీ లెక్క గాదు, దానికి రెండింతలుంటది. నల్ల డబ్బా, మీద తాడు పిడి. ఇంట్లకెల్లి బండి దాక మొయ్యాలె, బండి కాడికెల్లి పడవ దాక మొయ్యాలె, మళ్ల అదే తిరుగుడు. ఒక పక్క నేను, ఒక పక్క మీ తాత. ఆయన చేతులల్ల పట్టు లేదు, ఆయన దిక్కు ఎప్పుడూ కిందికే గుంజుతది. "జర లేపయ్యా" అంటే, "నేను లేపిననే, నువ్వే ఎక్కువ ఎత్తుతున్నవు" అంటడు. గిట్ల కొట్లాడుకుంటనే మోస్తం.

ఫోన్ల ఇనవడుతున్నదా? మెల్లగ రాయి. పొయ్యి మీద కూరున్నది, మధ్యల లేస్తా, నువ్వు ఆగు. ఎవ్వరి పేరూ రాయకు. మీ తాత వద్దన్నడు. "నా పేరు రాస్తే ఊళ్లె నవ్వుతరు" అన్నడు. నవ్వే ముచ్చటే, ఏం జేద్దాం.

నీకు తెలిసినవి గూడ చెప్తా, సదివేటోళ్లకు తెల్వవు గద. మేముండేది బహ్రెయిన్‌ల, సనాబిస్ కాడ, ఒక ముసలాయన ఇంట్ల. ఆయననే మా కఫీలు, అంటే మా వీసాలు ఆయన చేతులనే ఉంటయి. ఆయనను ఇంటిల్లాది బాబా అంటరు, మేము గూడ అదే అంటం. నేను వంట చేస్త. మీ తాత చెట్లకు నీళ్లు పోస్తడు, కార్లు కడుగుతడు, బాబా పడవ చూసుకుంటడు. మీ నాయన పాకేటప్పుడు వచ్చిండు మీ తాత ఈ దేశం. సెంట్రింగు పని, క్యాంపుల బతుకుడు, డ్యూటీ అయినంక ఓవర్‌టైం. సుట్టమచ్చినట్టు ఇంటికి వచ్చేది, లీవు అయిపోంగనే పోయేది. నడుము పోయినంక కంపెనీ ఖలాస్ అన్నది. అప్పుడు ఈ బాబా పెట్టుకున్నడు. తర్వాత బాబా భార్య సచ్చిపోయింది, వంటకు మనిషి లేకపోయె. "మా ఆమె మంచిగ వండుతది" అని మీ తాత చెప్పిండట. ఇగ నేనూ ఎక్కిన విమానం. ఊరోళ్లందరికి దుబాయి పోతున్న అని చెప్పిన. మనోళ్లకు అంతా దుబాయే గద.

నిజం చెప్తున్న బిడ్డా, లగ్గమైనకాడికెల్లి మేమిద్దరం ఒక్క కప్పు కింద ఇన్ని రోజులున్నది ఈ వంటింటి ఎనుక అర్రలనే.

ఇగ పడవ సంగతి. ఎన్కట సముద్రం ఈ ఇంటి ఎనుకనే ఉండెనట. మట్టి పోసి పోసి దూరం జేసిండ్రు, ఇప్పుడు నీళ్లు చూడాలంటే బండెక్కాలె. పడవ చిన్నది, ఫైబరుది, ముంగట గూడ ఎనుక లెక్కనే చదునుగ ఉంటది. ఎనుక పెట్రోలు ఇంజను. తాడు గుంజితే స్టార్టు అయ్యేది. బాబాకు భుజం లేవది. మీ తాత నడుము సంగతి చెప్పిన. ఒకపారి ఇద్దరు ముసలోళ్లు మార్చి మార్చి తాడు గుంజిండ్రు, అది గుర్రుమనలేదు. ఆటు నీళ్లు లోపలికి గుంజుకపోయినయి. వేరే పడవోళ్లు తాడు కట్టి తెచ్చిండ్రు. ఇద్దరి మొఖాలు ఎండకు వంకాయ లెక్క అయినయి.

బాబా కొడుకు వచ్చిండు. చెడ్డోడు గాదు, భయపడ్డడు. "పడవ అమ్మేద్దాం" అన్నడు. కొడుకు మీ తాత దిక్కు తిరిగి హిందీల అన్నడు, "పడవ లేకపోతే నీకు పనేమున్నది భాయ్? నీళ్లు వంటామె పోస్తది. ఈసారి నీ వీసా కాగితాలు చెయ్యను. ఇంటికి పోయి రెస్టు తీసుకో."

మంచి మాటనే అన్నట్టు అన్నడు. గానీ నేను లెక్క జూసుకున్న. వంటామె కావాలె, నా కాగితాలు అయితయి. ఆయన ఆడ, నేను ఈడ. మళ్ల అదే బతుకు, మనుషులు మాత్రం అటిటు. "నువ్వు గూడ రారాదు బాపమ్మా" అంటున్నవు, ఇన్న. మీ చదువులు, మీ నాయన ఇరిగిన కాలు బాగుచేసుడు, అవన్ని ఎట్ల నడుస్తయి బిడ్డా? ఒక్కరి జీతమన్న రావాలె గద. రాయి, రాయి.

బాబాకు ఎవరో చెప్పిండ్రట, కరెంటుతోని నడిచే చిన్న మోటరుంటది, తాడు గుంజే పని లేదు, పిడి తిప్పితే పోతది అని. కొడుకు ఒప్పుకున్నడు. "శుక్రవారం నమాజ్ అయినంక వచ్చి చూస్త. పడవ నడిస్తే ఉంటది. నడవకుంటే ఫోటో తీసి అమ్మకానికి పెడుత" అన్నడు.

మోటరు వచ్చింది. టేబుల్ ఫ్యాను తలకిందులు చేసి పొడుగు రాడుకు కట్టినట్టున్నది. కింద రెక్క, మీద తల, తలకు పిడి. ఎర్రది, నల్లది, రెండే తీగలు. పడవకు ఎనుక బిగించే సామాన్ అది. గానీ ఎనుక పాత ఇంజనున్నది గద. "అది ఇప్పేసి దీన్ని పెడుతం బాబా" అన్నడు మీ తాత. బాబాకు కోపమచ్చింది. "అది నాతోటి ముసలిదయింది. దాన్ని పడేస్తరా? రేపు నన్ను గూడ పడేస్తరు" అన్నడు. ఇగ ఏం జేస్తం, మోటరు ముంగట బిగించినం.

బరువు నడుమ ఉండాలె, లేకుంటే పడవ మూతి ముంచుతది. బ్యాటరీ నడుమ పెడితే మోటరు తీగ అందలే. తీగ కోసం నయీమ్ బజారుకు పోయినం. ఆడ మన హైదరాబాద్ సాయిబు దుకాణమున్నది, తెలుగు మంచిగ మాట్లాడుతడు.

"అన్నా, బ్యాటరీకి తీగ కావాలె."

"దేని బ్యాటరీ అమ్మా?"

"పడవది."

"పడవ మీరు నడుపుతరా?"

"మా ఆయన ముంచుతడు. నేను తీగ కొంటున్న."

సాయిబు నవ్వి నవ్వి దగ్గిండు. నేను సన్న తీగ చేతులకు తీసుకున్న, మొయ్యనీకి అల్కగుంటదని. గుంజుకున్నడు. "పన్నెండు వోల్టులే అని అలుసు చెయ్యకమ్మా. ఇది కరెంటు మస్తు తాగుతది. సన్న తీగ అయితే కాలుతది" అని ఏలు లావున్న తీగ ఇచ్చిండు. ఒక చిన్న బ్రేకరు గూడ ఇచ్చిండు. "ఇది ఎర్ర తీగకు, బ్యాటరీ పక్కనే పెట్టు. తప్పయితే టక్కుమని కొట్టేస్తది. మీట నొక్కితే మళ్ల లైను కలుస్తది" అన్నడు.

నాకు అర్థమైంది. ఎందుకు గాదు? మీ తాత ఇక్కడ క్యాంపుల పన్నప్పుడు మన బోరుకాడ పన్నదెవరు? నేనే గద. సర్వీసు తీగ సన్నదేస్తే ఎండకాలం ఎట్ల మెత్తబడ్డదో చూసిన. మోటరు కాలితే ఆటోల ఏసుకొని వైండింగు దుకాణం పోయిన. లైన్‌మెన్ ట్రాన్స్‌ఫార్మరు కాడ ఏదో కెలికి పోయేటోడు, తెల్లారి మోటరు ఉల్టా తిరిగేది, నీళ్లు సుక్క రావు. అప్పుడు ఏం జేస్తరు? మెయిన్ బందు చేసి మూడు తీగలల్ల ఏవన్న రెండు అటిటు మారుస్తరు. మోటరు సీదా తిరుగుతది. మన దిక్కు పొలమున్న ఆడోళ్లకు చానామందికి వచ్చు ఆ పని. పిలిస్తే వచ్చే మొగోడు ఊళ్లె ఉంటే గద.

శుక్రవారం పొద్దుగాలనే పోయినం. నాకు ఆ రోజు ఒళ్లు నొప్పులు, రాత్రంతా నిద్రలే. బ్యాటరీ మోసి పడవల పెట్టేవరకే సగం పాణం పోయింది. మీ తాత పానా పట్టుకున్నడు. ఆయన చేతులల్ల పట్టు లేదని చెప్పిన గద. పానా జారి బ్యాటరీ రెండు మొనలకూ ఒక్కపారి తాకితే మంటలే. నేను నా పాత కొంగు ముక్క చింపి నల్ల మొనకు చుట్టిన. ముందుగాల ఎర్రది బిగించినం, నడుమ బ్రేకరు పెట్టినం. తర్వాత గుడ్డ తీసి నల్లది. ఆయన పానా తిప్పుడు సాలయితలేదు.

"ఇటియ్యి" అన్న.

"నేను బిగిస్తనే. ఎన్ని బిల్డింగులు బిగించిన నేను!"

"ఆ బిల్డింగులు నిలవడ్డయి, నువ్వు ఒంగినవు. ఇటియ్యి."

ఇచ్చిండు. బిగించిన. ఉప్పుగాలికి పచ్చగ తుప్పు పట్టకుండ గ్రీజు పూసిన. మీ తాత పిడి తిప్పిండు. ఫ్యాను తిరిగింది బిడ్డా! చప్పుడు గూడ లేదు. మేమిద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకున్నం. తాడు ఇప్పినం.

పడవ ఎనుకకు పోయింది.

అవును, నవ్వు. ఎనుకకు. ఎనుక బిగించాల్సిన మోటరు ముంగట బిగిస్తే పడవను ఎనుకకే నూకుతది గద. మా బుర్రలకు అది తట్టలే అప్పుడు. పిడి రెండో దిక్కు తిప్పి చూసినం. ముందుకు పోయింది గానీ పాణం లేనట్టు. ఆ దిక్కు దానికి బలం తక్కువట. ఆటు నీళ్లకు ఎదురు పోలేక ఉన్నకాడనే ఊగుతున్నది.

అప్పుడు నేనన్న, "ఉల్టా తిరుగుతున్నది, అంతే. రెండు తీగలు అటిటు మార్చు."

నా అనుభవం అదే గద. మీ తాత గూడ కాదనలే, నేను బోరుకాడ మార్చుడు ఫోన్ల చానాపార్లు ఇన్నడు. మార్చినం. ఎర్రది నల్ల మొనకు, నల్లది ఎర్ర మొనకు. మీట నొక్కిన.

టక్.

మళ్ల నొక్కిన. టక్. ఫ్యాను కదలలే. మీ తాత పడవ పలక మీద కూసున్నడు. "కాల్చినమా?" అని మెల్లగ అడిగిండు. నేను మోకాళ్ల మీద ఒంగి మోటరు తలకాడ ముక్కు పెట్టిన. కాలిన వైండింగు వాసన నేను పండుకున్నా పసిగడుత. ఉప్పు వాసనొచ్చింది, కొత్త ప్లాస్టిక్ వాసనొచ్చింది. కాలింది మాత్రం కాదు. "ఇది మన బోరు కాదయ్యా" అన్న. "దీనికి రెండే. దేని జాగ దానిదే." అప్పటికి నా నడుము ఇరిగినట్టయింది. అయినా ఇప్పినం. ఎర్రది ఎర్రకు, నల్లది నల్లకు, ఎట్లున్నది అట్ల. కండ్లు మూసుకొని మీట నొక్కిన. పిడి తిప్పిండు. తిరిగింది.

తిరిగింది గానీ ఎనుకకే. అప్పుడే బండి వచ్చి ఆగింది. బాబా దిగిండు, కొడుకు దిగిండు.

"నడుస్తున్నదా?" అన్నడు కొడుకు.

మీ తాతకు అబద్ధం రాదు. "ముందుకు మెల్లగ. ఎనుకకు మంచిగ పోతది" అన్నడు.

కొడుకు నవ్విండు. "ఎనుకకు పోయే పడవ ఎవరు నడుపుతరు భాయ్?" అనుకుంట జేబుల నుంచి ఫోను తీసిండు. ఫోటోకు. నేను ఒడ్డు మీద పానా పట్టుకొని నిలవడ్డ. మీ తాత సంచి ఎట్ల సర్దాలె, ఏ అంగీలు పెట్టాలె, అప్పుడే మనసుల సర్దుతున్న. అంత అలుపచ్చింది నాకు. ఏడుపు గూడ రాలే.

మేం ఇటు మాట్లాడుకుంటుండంగ బాబా కట్టె పొడుసుకుంట పోయి పడవల దిగిండు. ఎవ్వరిని అడగలే. ఎప్పుడూ ముంగటికి చూసుకుంట కూసుంటడు. ఆ రోజు మొఖం ఎనుకకు పెట్టి కూసున్నడు, పాత ఇంజనుకు ఎదురుంగ. కొత్త మోటరుకు ఈపు పెట్టిండు. మీ తాతను చూసి "యల్లా" అన్నడు, నడువుమని.

మీ తాత మోటరు కాడ కూసొని పిడి తిప్పిండు. ఆయన మొఖం గూడ అటే ఉన్నది. పడవ మెల్లగ జరిగింది. పాత ఇంజను దిక్కు ముంగటయింది, నీళ్లు రెండు పక్కల చీలినయి. బాబా చెయ్యి చాపి ఆ పాత ఇంజను మీద పెట్టిండు, బర్రె ఈపు మీద పెట్టినట్టు.

కొడుకు ఒడ్డు మీదికెల్లి కేకేసిండు, "బాబా, ఉల్టా పోతున్నరు!"

బాబా తిరిగి చూడలే. "నాకు సీదానే కనవడుతున్నది" అన్నడు.

నీళ్లల్ల గుర్తుకు కట్టిన డబ్బాలు తేలేకాడ దాక పోయి, తిరిగి వచ్చిండ్రు. కొడుకు ఫోను జేబుల పెట్టుకున్నడు. ఫోటో తీసిండో లేదో నాకు తెల్వది. మీ తాతను దిగనియ్యలే. "బాబా ఒక్కడే పోవద్దు. ఎప్పుడు పోయినా పిడి నువ్వు పట్టాలె" అన్నడు.

"పడుత."

"నీకు కండ్లు తిరిగితే?"

"అప్పుడు పిడి ఈమె పడుతది" అని నన్ను చూపిండు. ఈత రాదు బిడ్డా నాకు, కాలువల గూడ దిగలే ఎన్నడు. తల ఊపిన.

కొడుకు చెయ్యి చాపిండు. "నీ సీపీఆర్ ఇయ్యి."

అది మా గుర్తింపు కార్డు. కాగితాలు మళ్ల చేసేటప్పుడే అడుగుతరు. మీ తాత జేబుల చెయ్యి పెట్టిండు, వేళ్లకు పట్టు దొరక్క కార్డు వస్తలేదు. నేనే పడవ పక్కకు ఒంగి ఆయన అంగీ జేబుల నుంచి తీసిచ్చిన. కార్డుకు నా గ్రీజు ఏలిముద్ర పడ్డది. కొడుకు తుడిచిండు, పోలే, అట్లనే జేబుల పెట్టుకున్నడు.

ఇంటికొచ్చినంక మళ్ల బ్యాటరీ దించుడు, రెక్క మంచినీళ్లతోని కడుగుడు, చార్జింగు పెట్టుడు. ఆ పని ఇప్పుడు వారం వారం ఉన్నది. ఒక్కోపారి అనిపిస్తది, పోయినా మంచిగుండు, ఇద్దరం పోయి మన అరుగు మీద కూసుందుము అని. గానీ ఇద్దరం పోవుడు ఎవ్వరూ అనలే గద.

ఆ రోజు మీ తాత మంచం మీద ఒరిగి నన్ను ఏడిపించుడు మొదలుపెట్టిండు. "తీగలు మార్చుమన్నది ఎవరే? నా కాగితాలు కాల్చబోయినవు."

"బోరుకాడ అట్లనే మార్చేది. నువ్వున్నవా చూడనీకి?"

అంత సురుగ్గ అనాలనుకోలే. జర సేపటికి ఆయనే లేచి వచ్చి చార్జరు కాడ కూసొని అడిగిండు, "ఎర్రది ఎర్రకే పెట్టినవా?"

"పెట్టిన."

"నేను చూస్త. నువ్వు పండుకో" అన్నడు.

పండుకున్న. ఇగ ఆపు బిడ్డా, కూర అడుగంటింది.