పాములు లేని ఆట

నా చిన్నప్పుడు మా ఊళ్లో పాము పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పేరెత్తితే పిలిచినట్టేనని పెద్దల భయం. పాము అనకుండా పురుగు అనేవాళ్లు. ఎవరినైనా కరిస్తే పురుగు ముట్టింది అనేవాళ్లు. బచ్చన్నపేట దగ్గర మా పత్తి చేలో ఒకనాడు మా అమ్మకు పురుగు ముట్టింది.

మా నాయిన, మేనమామ కలిసి అమ్మను జనగామ దవాఖానకు తీసుకుపోయారు. నన్నూ చెల్లెనూ పక్కింటి అక్కకు అప్పజెప్పారు. చెల్లెకు ఇంకా బడికి పోయే ఈడు రాలేదు. పురుగంటే ఏ గొంగళి పురుగో అనుకుంటుందిలే అని నేను నా మనసుకు చెప్పుకున్నాను. కానీ అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు అమ్మ బతుకుతుందో లేదోనని గుసగుసలాడటం అది వింది. అప్పటి నుంచి మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు, కనీసం ఏడవనూ లేదు. తలుపు మూలకే చూస్తూ కూర్చుంది. మర్నాడూ అంతే. అక్కడ అమ్మ ఏమవుతుందో, ఇక్కడ ఇది ఏమవుతుందో అని నాకు ఒకటే దిగులు.

ఆటలు కట్టడం నాకు అప్పటికే ఉన్న పిచ్చి. అరుగు బండల మీద బొగ్గుతో గళ్లు గీసి పాడు చేస్తున్నానని అమ్మ రోజూ తిట్టేది. చెల్లెను ఎలాగైనా కదిలించాలని ఆ రోజు ఒక ఆట గీశాను. దవాఖాన నుంచి మా ఇంటికి బాట, ఆ బాటలో నడిచే చింతగింజ మా అమ్మ. గవ్వలు వేసిన ప్రతిసారీ ముందుకే నడక. ఒక గడిలో బస్సు బొమ్మ వేశాను, ఒక గడిలో సీతాఫలం. ఆపద అన్నది ఒక్కటీ పెట్టలేదు. గీస్తుంటే ఒక్కోసారి గీత వంకర పోయేది. వంకర గీత పురుగులా కనబడుతుందని చెరిపి మళ్లీ తిన్నగా గీసేదాన్ని.

చెల్లె ఒక్కసారి గవ్వలు వేసి పక్కన పెట్టేసింది. ఎట్లా వేసినా గింజ ఇంటికే చేరుతుందని దానికి అర్థమైంది. నేను అబద్ధం గీశానని కూడా అర్థమైనట్టుంది.

అక్క అది చూసి, "గిదేం ఆటనే? గిండ్ల ఓడేది లేదు, గెలిసేది లేదు. జర ఆగు" అని లోపలికి పోయి వైకుంఠపాళి పటం తెచ్చి పరిచింది. నేను వెనక్కి జరిగాను. పటం నిండా పడగలే. అది వాళ్లింట్లో ఉందని తెలిసినా నేను ఏనాడూ దాని ముందు కూర్చోలేదు. సొంతంగా ఆటలు కట్టే నేను ఇంకొకరు కట్టిన ఆట ఆడటమేమిటని నామోషీ పడుతున్నట్టు నటించేదాన్ని. నిజానికి నాకు ఆ బొమ్మలంటే హడలు.

వద్దని అక్క చెయ్యి పట్టుకుని బతిమాలాను. "ఇంక దాసిపెట్టుడెందుకే? దానికి అంతా ఎర్కనే" అంది.

చెల్లె ఒక గాజు ముక్క పెట్టి ఆడింది. ఒక నిచ్చెన ఎక్కింది. తర్వాతి పందేనికే పెద్ద పాము నోట్లో పడింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. అప్పుడు చెల్లె నోరు విప్పింది.

"సచ్చిందా?"

కళ్లు తెరిచేసరికి అక్క ఆ గాజు ముక్కను పాము ఒంటి మీదుగా వేలితో మెల్లగా తోక దాకా జరుపుతోంది. "మింగింది గని సావలే. కిందికచ్చింది. ఇగ పందెం ఎయ్యి" అంది.

చెల్లె భోరున ఏడ్చింది. ఏడుస్తూనే గవ్వలు వేసింది. పొద్దుగూకేలోపు దాని గాజు ముక్కను పాములు ఎన్నిసార్లు మింగాయో! ఆట మధ్యలో అక్క పచ్చిపులుసు అన్నం ముద్ద నోటికి అందిస్తే, పటం మీద నుంచి చూపు తిప్పకుండానే నమిలింది.

అమ్మ బతికి వచ్చింది. ఒక కాలు మాత్రం ఆఖరి దాకా ఈడుస్తూనే నడిచింది. పెద్దయ్యాక నేను అక్కను అడిగాను, ఒకవేళ అమ్మ రాకపోయి ఉంటే చెల్లెకు ఏం చెప్పేదానివని.

"నాకేం ఎర్కనే? నాకు సుత గుండె దడదడనే ఉండె. అయినా పిల్ల తినాలె గద" అంది.

ఇప్పుడు నేను పిల్లల కోసం అట్ట మీద ఆటలు తయారు చేస్తాను. ఈ పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రకారు, ఇతరుల ఆటలు ఆడితే తమ సొంత తెలివి చెడిపోతుందంటారు. అంత తొందరగా చెడిపోయే తెలివి ఉంటే ఎంత, ఊడితే ఎంత అని కసురుతాను. మనం ఒక్కరమే కూర్చుని కట్టిన ఆట మన భయం ఆగిన చోటే ఆగిపోతుంది. నేను గీయలేని పామును ఎవరో గీశారు. దాని తోకను కూడా ఒక గడిలో పెట్టారు. అక్కడ నిలబడి మళ్లీ ఆడవచ్చని నా అంతట నాకు ఎన్నటికీ తోచేది కాదు.

ఇంకొకరు కట్టిన ఆట నా ముందు పరిస్తే ఈ వయసులోనూ లేచిపోవాలనిపిస్తుంది. నేను దేనికి జడిసి నా ఆటలో పెట్టకుండా వదిలేశానో అది ఇందులో ఉంటుందేమోనని భయం. అందుకే కూర్చుంటాను.