తాతయ్య తుపాకీకి నేను కట్టిన ఖరీదు

పోలీసు ఉద్యోగంలో చేరకముందే పోలీసు కేసులో ఇరుక్కోబోయిన ఎస్సైని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఈ సంగతి మా స్టేషన్‌లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మీరు కూడా చదివి, నవ్వుకుని, ఊరుకోండి. మీకు పుణ్యం ఉంటుంది.

అప్పటికి నేను బాపట్లలో డిగ్రీ పూర్తి చేసి, ఎస్సై పరీక్ష రాసి, పరుగులో కూడా గట్టెక్కి ఉన్నాను. ఇక మిగిలింది ఒక్కటే. నా నడవడిక ఎలాంటిదో కనుక్కోవడానికి స్టేషన్ నుంచి ఓ కానిస్టేబుల్ ఇంటికొస్తాడు. మంచి పిల్ల అని ఆయన రాస్తే ఒంటి మీదికి ఖాకీ వస్తుంది. పేరు మీద చిన్న మచ్చ కనిపించినా అంతే సంగతులు, తిరిగి తెనాలి వెళ్లి మా నాన్న ఫ్యాన్సీ షాపులో రిబ్బన్లు కొలుచుకోవాలి. అందుకే ఆ రోజుల్లో నేను ఎంత బుద్ధిగా ఉండేదాన్నంటే, రోడ్డు మీద కుక్క ఎదురొచ్చినా ముందు దానికి దారిచ్చి తర్వాత నేను వెళ్లేదాన్ని.

చదువుకోసమని నేనుండేది మా తాతయ్య ఇంట్లో, అంటే అమ్మ వాళ్ల నాన్న దగ్గర, రేపల్లె పక్కన ఓ పల్లెలో. లంక పొలాల్లోకి అడవిపందులు దిగుతున్నాయని ఆయన ఎప్పుడో లైసెన్సు తీసుకుని ఓ తుపాకి కొనుక్కున్నాడు. పందులు దాన్ని చూసి ఏనాడూ భయపడలేదట. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ తుపాకిని స్టేషన్‌లో అప్పగించడం, అయ్యాక తెచ్చుకోవడం, ఇదే దానికి పని.

ఆ ఏడు కూడా ఎన్నికలు అయ్యాయి, తీసుకెళ్లమని కబురొచ్చింది. కానీ అప్పుడే తాతయ్యకి తెనాలిలో కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు తీయకూడదు, బరువులు ఎత్తకూడదు. మంచినీళ్ల చెంబు కూడా మేమే అందించేవాళ్లం.

"బుజ్జీ, నువ్వు తోడు రావే. నాకేమో కళ్లు మసకలు" అన్నాడు.

"నేనుండగా నీకెందుకు తాతయ్యా దిగులు? ఎన్‌సీసీలో ఎన్ని తుపాకులు పట్టాను!" అన్నాను.

పట్టింది ఒకే ఒక్క రైఫిల్, అదీ క్యాంపులో నా వంతు వచ్చినప్పుడు. మిగతా పాండిత్యమంతా మంచం మీద పడుకుని ఫోన్లో వీడియోలు చూసి సంపాదించింది. ఇక తాతయ్య తుపాకి సంగతంటారా, చిన్నప్పటి నుంచీ అది బీరువా మీద అమ్మమ్మ పాత చీరలో చుట్టి ఉండేది. నాకు చీర మాత్రం బాగా గుర్తు.

స్టేషన్‌కి వెళ్లాం. ఏ స్టేషనో చెప్పను, అడగొద్దు. అక్కడ కాగితాలు, తాళాలు చూసే హెడ్ కానిస్టేబుల్‌ని రైటర్ అంటారు. ఆ రైటర్ గారు ఆ రోజు కాలు ఒక చోట నిలపడం లేదు. ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడట, స్టేషన్ మొత్తం బందోబస్తుకి పరుగులు తీస్తోంది. పైగా తుపాకులున్న గదికి సున్నం వేయించారు. ఆ హడావుడిలో తుపాకులకి చుట్టిన గుడ్డలు, కట్టిన చీటీలు అన్నీ ఊడిపోయి ఓ మూల కుప్పగా పడున్నాయి.

ఆయన తుపాకులు కొన్ని తెచ్చి బల్ల మీద పరిచారు. "పెద్దాయనా, మీదేదో చూసుకోండి."

"నాకు కనపడదండి. మా మనవరాలు చెప్పుద్ది. ఎస్సై సెలక్షన్లలో ఉందండి, దీనికి తుపాకులన్నీ కొట్టినపిండి."

అంతమంది ముందు తాతయ్య అంత మాట అన్నాక ఇక తడబడితే పరువేముంది? బల్ల మీద ఉన్నవన్నీ ఓసారి చూశాను. అన్నీ తుప్పు పట్టి పాత గొడుగుల్లా ఉన్నాయి. ఒక్కటి మాత్రం దర్జాగా ఉంది. లావుపాటి గొట్టం, దాని కింద ముందుకీ వెనక్కీ జరిగే చెక్క పిడి, భుజాన వేసుకోవడానికి పట్టీ. మా తాతయ్యది ఇంకేదై ఉంటుంది?

"ఇదే సార్" అన్నాను.

"లైసెన్సు పుస్తకంలో నంబరూ, దాని మీద నంబరూ సరిపోయాయేమో చూడమ్మా" అంటూనే ఆయన ఫోన్ ఎత్తి బయటకు నడిచారు.

గొట్టం మీద అరిగిపోయిన నంబర్లో చివరి రెండంకెలు కనిపించాయి. మిగతావి నేనే కనిపించేలా చేసుకున్నాను. పుస్తకంలో నంబరు పక్కనే తుపాకి ఏ రకమో కూడా రాసి ఉంటుంది. కానీ అదంతా తెలియనివాళ్లు చదువుకోవడానికి కదా, నాలాంటి నిపుణులకెందుకు?

"సరిపోయింది సార్!" అని కేక వేశాను. తాతయ్య సంతకం పెట్టాడు. దుప్పట్లో చుట్టుకుని ఆటోలో ఇంటికొచ్చేశాం.

ఇంటికొచ్చాక నా నోరు మూతపడితే ఒట్టు. అరుగు మీద బల్ల వేసి, తుపాకి పెట్టి, చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"దీన్ని పంప్ గన్ అంటారు. ఈ చెక్క వెనక్కి లాగి ముందుకి తోస్తే తూటా లోపలికి ఎక్కుద్ది. మామూలు వేటగాళ్ల దగ్గర ఉండదిది, పాతకాలం పోలీసు మోడలు. భుజానికి ఆనించే ఈ మడమ మీద పసుపు రంగుతో నంబరేసుంది చూశారా? ఇలాంటి మార్కు ఉంటే రేటు రెట్టింపు!"

"ఎంత చేస్తదే?" అన్నాడు తాతయ్య.

"తక్కువలో తక్కువ మూడు లక్షలు."

"ఎంతన్నావూ?"

"మూడు లక్షలు తాతయ్యా!"

తాతయ్య అన్నం తింటూ ఒకసారి, పడుకునే ముందు ఒకసారి "ఎంతన్నావే బుజ్జీ?" అని మళ్లీ అడిగాడు. పెద్దాయనకి చెవులు కూడా తగ్గాయేమోనని నేను జాలిపడ్డాను. తుపాకి భుజాన వేసుకుని ఫోటో దిగి, "మా వంశపు తుపాకి" అని ఫోన్లో స్టేటస్ పెట్టుకుని హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో బైకు ఆగింది. కానిస్టేబుల్ సుభానీ గారు. నా నడవడిక విచారించడానికి వచ్చారు. మంచి పిల్లననిపించుకోవాలి, ఆ పైన తెలివైన పిల్లనని కూడా అనిపించుకోవాలి. కాఫీ ఇచ్చాను. ఆయన మెల్లగా తాగుతూ అడిగారు.

"గొడవలు, కేసులు ఏమన్నా ఉన్నాయా అమ్మా?"

"అబ్బే, లేవండి. మా ఇంట్లో ఇంకొకళ్ల గడ్డిపోచ కూడా ఉండదండి."

"మంచిది. పోలీసు పని మీద ఆసక్తి ఉందా?"

ఆ మాట కోసమే చూస్తున్నాను. లోపలికి పరుగెత్తి, తుపాకి తెచ్చి, ఆయన ముందు నిలబెట్టాను. "చూడండి సార్, మా తాతయ్యది! అసలు సిసలు పోలీసు మోడలండి. ఇలాంటిది పోలీసుల దగ్గర తప్ప బయట ఎక్కడా దొరకదండి!"

సుభానీ గారి చేతిలో కాఫీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. తుపాకి వంక చూశారు. నా వంక చూశారు. మడమ మీద పసుపు నంబరు వంక వంగి చూశారు.

"యా అల్లా!" అన్నారు.

"బాగుంది కదండీ?"

"అమ్మా... ఇది మాదమ్మా."

"అంటే... మీ దగ్గరా ఇలాంటిదే ఉందాండి?"

"ఇలాంటిది కాదు తల్లీ, ఇదే! ఎన్ని బందోబస్తులు చేశాను దీన్ని భుజానేసుకుని! పాతదైపోయిందని బాపట్ల జిల్లా ఆఫీసుకి పంపడానికి పక్కన పెట్టాం. ఇవ్వాళ మధ్యాహ్నం బండొస్తది తీసుకెళ్లడానికి!"

అమాంతం గడప మీద కూలబడ్డాను. ఆలోచించండి, పోలీసు ఉద్యోగం అడుగుతున్న పిల్ల పోలీసు స్టేషన్ నుంచి పోలీసు తుపాకి ఎత్తుకొచ్చి, విచారణకొచ్చిన పోలీసుకే చూపించి, ఎంత అరుదైనదో వివరించింది. దేశంలో ఏ దొంగైనా ఇంత శ్రద్ధగా పట్టుబడ్డాడా?

అలాంటప్పుడు నోరు మూసుకోవాలి కదా? మూసుకుంటే నేనెందుకవుతాను? "మరి... దీని ఖరీదు ఎంతుంటుందండీ?" అన్నాను.

"దీని ఖరీదా? మా రైటర్ గారి ఉద్యోగం, మీ తాతగారి లైసెన్సు, నీ సెలక్షను. మూడూ కలిపితే ఇదొచ్చుద్ది. లెగమ్మా లెగు! ముందు ఆ ఫోటోలవీ ఏమన్నా పెట్టుంటే తీసెయ్!"

గబగబా స్టేటస్ తీసేశాను. అప్పటికే ఊళ్లో సగం మంది చూశారు. ముందు ఆయన బైకు, వెనక ఆటోలో నేను, తాతయ్య, మా మధ్య దుప్పట్లో పంప్ గన్. దారిలో ఖాకీ రంగు గుడ్డ ఎక్కడ కనిపించినా నేను సీటు కిందికి జారిపోయాను. ఒక చోట అది ఎవరో ఆరేసుకున్న ప్యాంటు.

స్టేషన్‌లో రైటర్ గారు అప్పటికే గది తలకిందులు చేసి, గోడకి చేరగిలబడి ఉన్నారు. తుపాకిని చూడగానే నన్ను తిడతారనుకున్నాను. ఆయన దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, "వచ్చేసిందా తల్లీ!" అన్నారు. నన్ను కాదు, తుపాకినే. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి పాపం. ఆ మనిషి ఉద్యోగం, పిల్లల చదువులు అన్నీ నా గొప్పల వల్ల పోయేవని అప్పుడు తెలిసి, నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

నా విచారణ ఏమైందంటారా? నేను మంచి పిల్లనని సుభానీ గారు రాసేశారు. రాయక ఏం చేస్తారు? నేను దొంగనని రాస్తే, తుపాకి గది దాటి ఎలా వెళ్లిందో కూడా రాయాలి కదా. ఆ తర్వాత వాళ్లు నన్ను బల్ల దగ్గరికి కూడా రానివ్వలేదు. లైసెన్సు పుస్తకం వాళ్లే రెండుసార్లు చదివి, బల్ల మీదున్న వాటిలో అన్నిటికన్నా ఎక్కువ తుప్పు పట్టినదాన్ని తాతయ్యకి అప్పగించారు. దానికి రెండు గొట్టాలున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తాతయ్య చేతులు పట్టుకున్నాను. "క్షమించు తాతయ్యా. కళ్లు కనపడని నిన్ను కూడా మోసం చేశాను. నీది కాదని నీకెలా తెలుస్తుంది పాపం!"

"తెలియకపోవడమేంటే?" అన్నాడాయన. "నిన్న ఆటోలో నా మోకాలికి ఆనించి పెట్టావుగా. ఒకటే గొట్టం తగిలింది."

"మరి... మరి ఇంటికెళ్లాకైనా ఎందుకు చెప్పలేదు తాతయ్యా?"

"చెబుదామనే అనుకున్నానే. ఈలోగా నువ్వు మూడు లక్షలన్నావు" అన్నాడు తాతయ్య.

ఆ ఆటోలోనే, ఆ రెండు గొట్టాల మీద చెయ్యేసి, నేను ఘోరమైన శపథం చేశాను. ఈ జన్మలో ఇక ఏ వస్తువుకీ ఖరీదు కట్టను, ముఖ్యంగా మా తాతయ్యకి వినపడేంత దూరంలో అస్సలు కట్టను.