నూట ఇరవై ఏడు పళ్ళ గేరు

ఎంత పొడవైన ప్రధాన సంఖ్య చూపించినా నేను బెదరను. వేల అంకెలుంటే ఉండనీ. మా ఇంటిని గడగడలాడించింది మటుకు మూడంకెల నూట ఇరవై ఏడు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నాన్న గేర్లు కోసేవాడు. అంగుళాలు పోయి మిల్లీమీటర్లు వస్తున్న రోజులవి. అంగుళాల లేతు మీద మిల్లీమీటర్ల స్క్రూ మర కొయ్యాలంటే నూట ఇరవై ఏడు పళ్ళ గేరు కావాలట. గేరు చుట్టూ పళ్ళను సమంగా పంచడానికి మిషనుకి ఒక చిల్లుల పలక ఉండేది. మిగతా గేర్లకు అందులో ఏదో ఒక వరస సరిపోయేది. దీనికి ఏ వరసా కుదరలేదు. ఎన్నిసార్లు కోసినా ఆఖరి పన్ను సగమే వచ్చేది. మూడు వారాలు నాన్న అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు.

సరిగ్గా అప్పుడే నేను కాలేజీ మాట ఎత్తాను. బుద్ధుండాలి నాకు. పదకొండో క్లాసుతో చదువు చాలన్నాడు నాన్న. నాకేమో లెక్కలంటే ప్రాణం. ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది.

"నాన్నా, ఆ అంకెని ఏదీ భాగించదు. పలక ఎలా కుదురుతాది?" అన్నాను.

"ఏదీ భాగించని అంకేటే? నువ్వన్నది నిజమైతే కాలేజీకి పంపుతాను. కాదంటే నోర్మూసుకుని కుట్టుమిసను నేర్సుకో."

ఆదివారం పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని వరండా గచ్చు మీద కూర్చున్నాడు. రెండుతో భాగించడం మొదలెట్టి పదకొండు దాకా వచ్చాడు. ప్రతిసారీ ఏదో కాస్త మిగిలింది.

"ఇంక ఆపొచ్చు," అన్నాను. "పెద్దదేదైనా భాగిస్తే దాంతో గుణించే జతది చిన్నదవ్వాలి కదా. చిన్నవన్నీ సూసేసినాం. పన్నెండు పన్నెళ్ళు నూట నలభై నాలుగు, దాటిపోయింది."

"గుమ్మంలోంచి సూసి ఇంట్లో ఎవుడూ లేడంటావేటి?" అని నాన్న పన్నెండు అందుకున్నాడు.

మధ్యాహ్నానికి లెక్కలు గచ్చు దాటి అమ్మ ముగ్గేసిన చోటుకి పాకాయి. నూట ఇరవై ఆరు అయ్యాక నాన్న ఒక్కసారిగా నవ్వాడు.

"నూట ఇరవై ఏడు. ఇదిగో, భాగించింది. గెలిసినాను."

"తనని తను భాగించుకోడం లెక్కలోకి రాదు."

"ఎవుడు సెప్పినాడు?"

"పుస్తకం."

"పుస్తకం గేర్లు కోసిందేటి?"

అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "మనింటి కూడు మనం తిని, ఊరంతా పిలిసి పెట్టినారని సెప్పుకుంటామేటి? మన గుంటే గెలిసింది. లెగండి."

నాన్న లేచి సుద్ద చేతులు కడుక్కున్నాడు. తిని పడుకున్నాడు. మాట తప్పుతాడనుకుని పెరట్లో కూర్చుని ఏడ్చాను.

సోమవారం డ్యూటీ నుంచి రాగానే కాలేజీ ఫారం తెమ్మన్నాడు. తెచ్చి ఇస్తే సంతకం పెట్టకుండా తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"మూడు వారాలు నా సెయ్యి పోయిందనుకున్నానే. కళ్ళు తగ్గినాయి, పని మర్సిపోనాను అనుకున్నాను. షాపులో ఇంతమందిమి ఉన్నాం. తప్పు అంకెదని ఒక్కడికీ తెలీదు." కలం అందుకున్నాడు. "నువ్వు పోయి సదువు. సదివి, ముందర మాకొచ్చి సెప్పు."