లేని బండిని తిట్టిన రోజు

పందొమ్మిదేళ్లుగా నేను బొగ్గు గనిలో డంపర్ నడుపుతున్నాను. ఇల్లంత ఎత్తుండే ఆ బండిని లోడుతో గని అడుగు నుంచి పైకి తెస్తాను. ఇన్నేళ్లలో ఒక్క బండికీ తగిలించలేదు. అలాంటివాణ్ణి మా క్వార్టర్ వెనక నల్లా దగ్గర పాకురు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. దవాఖానాలో కట్టు కట్టి, ఆరు వారాలు కదలొద్దన్నారు.

నా భార్య అంగన్‌వాడీ టీచర్. పొద్దున్నే వెళితే మధ్యాహ్నం దాటాక గానీ రాదు. ఖమ్మంలో చదువుకుంటున్న మా అమ్మాయి నన్ను చూడ్డానికి వచ్చి, వెళ్లేటప్పుడు తన పాత లాప్‌టాప్, ఆటలాడే రిమోట్ వదిలిపెట్టింది.

“కార్ల రేసు పెట్టిన డాడీ. నువ్వు డ్రైవర్‌వే గద, మస్తు ఆడ్తవ్,” అంది.

నేనూ అలాగే అనుకున్నాను. రేసులో ఎనిమిది కార్లు. ఒకటి నాది, మిగతా ఏడూ కంప్యూటర్ నడిపేవి. మలుపు రాగానే నేను బ్రేకు వేసేవాణ్ణి. వెనకున్న కారు వేసేది కాదు. నేరుగా వచ్చి గుద్ది, నన్ను గడ్డిలోకి తోసి, ఏమీ జరగనట్టు వెళ్లిపోయేది. అందులో ఒక పసుపుపచ్చ కారుంది. దాని తీరే వేరు. నేను తప్పు చేయకుండా రెండు చుట్లు తిరిగి ఎంత ముందుకు పోయినా, మూడో చుట్టులో అద్దంలో అదే కనిపించేది. మా గనిలో ఖాళీ బండి లోడు బండికి దారి ఇస్తుంది, హారన్ కొట్టకుండా ఎవరూ పక్కనుంచి పోరు. వీటికి ఆ మర్యాదేమీ లేదు.

పట్టలేక అమ్మాయికి ఫోన్ చేశాను.

“అవి అంతే డాడీ. వాటికొక గీత ఉంటది, దాని మీదనే పోతయి. నువ్వు అడ్డమున్నవని చూడవు. నువ్వు ముందుకు పోతే వాటి స్పీడు దానంతటదే పెరుగుతది.”

“అంటే మోసమే గదా?”

“మోసం కాదు. ఆట మజా ఉండాలని గట్ల పెట్టిండ్రు.”

నాకు మజా ఏమీ కనిపించలేదు, అయినా మానలేకపోయాను. పొద్దున టీ తాగగానే మొదలుపెట్టేవాణ్ణి. మధ్యాహ్నం భార్య వచ్చి అన్నం పెడుతుంటే ఆమె మీద చిరాకు పడేవాణ్ణి. ఏమైందని అడిగితే కాలు నొప్పి అనేవాణ్ణి. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి, పసుపుపచ్చ కారు గెలిచిందని ఎలా చెప్పను?

మణుగూరులో మా కాలనీ దాటితే అడవే. లోపలి గూడెం నుంచి ఒక కోయ ఆవిడ వారానికి రెండుసార్లు గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. వానాకాలంలో బోడకాకరకాయలు, కూరకు లేత వెదురు కొమ్ములు తెచ్చేది. నా భార్యను చెల్లె అని పిలిచేది. భర్త మందుల చీటీ ఏదైనా ఉంటే మా ఇంట్లోనే చదివించుకునేది.

ఒక రోజు రేసులో నేను మొదటి స్థానంలో ఉన్నాను. చివరి చుట్టు. గేటు దగ్గర “చెల్లే” అని పిలుపు వినిపించింది. నేను తల తిప్పి చూశాను. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆమె గేటు పట్టుకుని నిలబడి ఉంది, చేతిలో మడిచిన కాగితం. మళ్లీ తెర వైపు తిరిగాను. అర నిమిషంలో అయిపోతుంది, అప్పుడు పలకవచ్చులే అనుకున్నాను.

“చెల్లే, ఉన్నవా?” అని మళ్లీ పిలిచింది.

సరిగ్గా అప్పుడే పసుపుపచ్చ కారు వచ్చి నన్ను గుద్దింది.

“ఏయ్! పక్కకు పో! ఎప్పుడు జూడు మీదికొస్తవ్, సిగ్గు లేదా నీకు? పో అవతలికి!” అని గొంతు చించుకున్నాను.

ఆరో స్థానంలో వచ్చాను. రిమోట్ మంచం మీదికి విసిరి గేటు వైపు చూస్తే ఆమె లేదు. చంక కర్రల మీద కుంటుతూ వెళ్లాను. ప్రహరీ గోడ మీద నల్లేరు కాడల కట్ట ఉంది. విరిగిన ఎముక అతకడానికి దాన్ని పచ్చడి చేసుకుని తింటారు. నా కోసమే తెచ్చింది.

తర్వాత రెండు వారాలు ఆమె మా గేటు దగ్గర ఆగలేదు. పక్కింటావిడ నా భార్యకు చెప్పింది, “మీ ఆయన పో పొమ్మని తిట్టిండట గదా” అని.

నా భార్య వచ్చి నిలదీసింది. నేను నవ్వి, ఆట సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు.

“ఆమె గేటు కాడ ఉన్నది నువ్వు చూడలేదా?”

“చూడలే. నాకేం ఎరుక?” అన్నాను.

కట్టు విప్పిన తర్వాతి ఆదివారం ఇద్దరం ఆటోలో గూడేనికి వెళ్లాం. కోయ ఆవిడ మంచం వాల్చి కూర్చోమంది, నీళ్లిచ్చింది. ఆమె భర్త గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. అది లాప్‌టాప్‌లో ఆట అని, అందులో కార్లుంటాయని, ఒక కారు నన్ను గుద్దిందని, దాన్నే తిట్టానని.

ఆమె భర్త శ్రద్ధగా విన్నాడు. “ఆ బండిల ఎవరున్నరు సారూ?”

“ఎవరూ లేరు. బండి కూడ నిజంగ లేదు.”

“లేని బండిని ఎందుకు తిట్టినవ్?”

వెక్కిరింపు కాదు, తెలుసుకుందామనే అడిగాడు. ఆమె వైపు తిరిగి, “నువ్వొచ్చింది నేను చూడలేదక్కా,” అన్నాను.

“చూసినవ్ గద సారూ. నేను పిలిస్తే ఇటు తిరిగినవ్. నా చేతిల చీటీ కూడ చూసినవ్.”

నా భార్య నా వైపు తిరగలేదు. చేతిలో నీళ్ల గ్లాసును చూస్తూ ఉండిపోయింది.

“అవ్ అక్కా, చూసిన,” అన్నాను. “ఆట ఇడిసి లేవబుద్ధి కాలే.”

“గట్లనే చెప్తే అయిపోతుండె,” అని ఆమె లేచి లోపలికి పోయింది.

ఆ రోజు ఆమె తెచ్చిన చీటీ భర్త షుగరు మందులది. ఏవి పొద్దున వేయాలో, ఏవి రాత్రి వేయాలో తెలియక రెండు రోజులు అసలు వేయనే లేదట. తర్వాత ఆశా కార్యకర్త వచ్చి చదివి చెప్పిందట. ఏమీ కాలేదని ఆయనే చెప్పాడు, నన్ను సముదాయిస్తున్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో కాలనీ దగ్గరపడుతుండగా నా భార్య అంది, “ఆట కోసం నాతోటి గూడ అబద్ధమాడినవ్.” అంతకుమించి ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

మళ్లీ డ్యూటీలో చేరాను. కోయ ఆవిడ మళ్లీ మా గేటు దగ్గర ఆగుతోంది. కానీ ముందు నా భార్య స్కూటీ ఉందా లేదా చూస్తుంది. లేకపోతే పక్కింటికి వెళ్లిపోతుంది. ఒక రోజు నేనే ఎదురు వెళ్లి బోడకాకరకాయలు అడిగాను. తూచి ఇచ్చింది, వానలు బాగా పడుతున్నాయంది. చీటీలు ఇప్పుడు ఎవరితో చదివిస్తున్నావని అడగాలనుకున్నాను. డబ్బులు మాత్రం లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె గంప ఎత్తుకుని పక్క గేటుకు నడిచింది.