తెగని మట్టి

మా నాన్న సెలెస్తీనో రషోన్‌కు అక్షరం రాదు. మట్టి మాత్రం చదివేవాడు.

గ్వాటెమాలా నగరానికి పడమటి వైపు, టైర్ల దుకాణాల వెనక, బస్సుల పొగలో మిగిలిన మట్టిదిబ్బలన్నీ ఆయనకు తెలుసు. వాటి కింద రెండువేల ఏళ్లనాటి మా పెద్దవాళ్ల ఊరుంది. పై ఊళ్లో ఎవరు ఏది కట్టాలన్నా ముందు కింది ఊరిని ఖాళీ చేయించాలి. ఆ పనికి నాన్నను పిలిచేవారు. తాపీ మొనతో తవ్విన గోతి గోడను గీకి, కాసిని నీళ్లు చిలకరించి, రంగులు చూసేవాడు. ఒకసారి తవ్వి పూడ్చిన చోట రంగులు కలిసిపోతాయి. కలవకపోతే, పాతవాళ్ల తర్వాత ఎవరూ తవ్వలేదని, "తెగలేదు" అనేవాడు. చదువుకున్నవాళ్లు ఆ మాట రాసుకునేవారు.

నాకు ఏడేళ్లప్పుడు తమ్ముడు పుట్టి ఎనిమిదో రోజున పోయాడు. పేరు పెట్టలేదు, పుట్టినట్టు ఎక్కడా రాయించలేదు. శ్మశానం గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "పుట్టినట్టు కాగితం లేనివాడు చచ్చాడని నేనెలా రాస్తానయ్యా?" అన్నాడు. రెండు రోజులు తిప్పాడు. మూడో రోజు ఆదివారం. తవ్వకానికి సెలవు. తెల్లవారగానే నాన్న, అమ్మ బిడ్డను తీసుకుని దిబ్బ దగ్గరికి వెళ్లారు.

పాతవాళ్లు పసివాళ్లను ఎలా పడుకోబెట్టేవారో నాన్న ఎన్నోసార్లు చూశాడు. అలాగే చేశాడు. కింద ఒక మట్టిగిన్నె, మీద బోర్లించి మరొకటి, రెండూ తవ్వకంలో పక్కన పారేసినవే. ఒంటిమీద ఎర్రపొడి. నోట్లో ఒక పచ్చరాతి పూస. ఒక పక్క చిట్లిన ఆ పూస అంతకుముందు తవ్వకంలో దొరికితే ఆయన జేబులో వేసుకున్నాడు. దిష్టి తగలకుండా అమ్మ కట్టిన ఎర్రదారం, దాని ఇత్తడి మువ్వ ఇంకా బిడ్డ చేతికే ఉన్నాయి. నాన్న విప్పేశాడు.

"ఉండనీ. నా బిడ్డకు ఏదో ఒక గుర్తు ఉండక్కర్లేదా?" అంది అమ్మ.

"వాళ్ల మధ్య వీడొక్కడే వేరుగా ఉండకూడదు. గుర్తుకు నేను లేనా?"

తర్వాత నల్లమట్టి, పచ్చమట్టి, తెల్లబూడిద, మళ్లీ నల్లమట్టి, తీసిన వరుసలోనే పొర పొరగా వేసి తొక్కాడు. అంత శ్రద్ధగా మా ఇంటి గోడ కూడా కట్టలేదని అమ్మ తర్వాత చెప్పింది.

ఇరవై రెండేళ్లకు అక్కడ షాపింగ్ మాల్ వస్తుందన్నారు. మిషన్ల కంటే ముందు వాడిని ఇంటికి తెస్తానని నాన్న అమ్మకు మాటిచ్చాడు. అమ్మ ఒక తెల్లగుడ్డ ఉతికి పెట్టుకుంది. కానీ నాన్న వెళ్లేసరికే మిషన్లు దిబ్బను సగం కోసేశాయి. గుర్తుగా పెట్టుకున్న జామచెట్టు లేదు, కంచె లేదు. ఎటు చూసినా కోసిన మట్టే.

మిగిలిన సగంలో పాతకాలపు వస్తువుల కోసం తవ్వకం చేయించేది బెర్తా ఆలియా మేడమ్. ఒక ఉదయం గిన్నె అంచు కనబడింది.

"రా సెలె మామా, నువ్వు ముద్దు పెట్టుకుంటే గానీ ఆ గోడ మాట్లాడదట" అన్నాడు తోటి కూలీ చేమా.

"నీతో మాట్లాడేది పన్నెండు గంటల సైరన్ ఒక్కటే. పక్కకు జరుగు."

గీకాడు. నీళ్లు చిలకరించాడు. చాలాసేపు చూశాడు.

"తెగలేదు మేడమ్. పైనుంచి కింది దాకా ఎవరి చెయ్యీ పడలేదు."

ఆమె నోట్‌బుక్‌లో రాసింది. నాన్న కింద వేలిముద్ర వేశాడు.

మధ్యాహ్నం పై గిన్నె ఎత్తారు. కోడిపిల్ల ఎముకలంత ఎముకలు. దవడ దగ్గర పచ్చపూస, ఒక పక్క చిట్లింది. నాన్న గోతి గట్టు మీద కూలబడ్డాడు.

"మేడమ్, వీడు నా కొడుకు."

"ఏ మహారాణి కన్నదో కూడా చెప్పు మామా" అన్నాడు చేమా. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. వాళ్లను కాఫీకి పంపేసి, నాన్న చెప్పిందంతా విన్నది.

"ఈ కాలపు వస్తువు ఒక్కటైనా ఉందా లోపల?"

"లేదు. నేనే వద్దన్నాను."

"పొద్దున తెగలేదన్నది నువ్వే. ఇదిగో వేలిముద్ర."

"పొరపడ్డాను."

"ఇంకా ఎన్ని దిబ్బల దగ్గర పొరపడ్డావు సెలెస్తీనో? నీ మాట నమ్మి మేము రాసిన పుస్తకాలన్నీ చించెయ్యమంటావా?"

ఆమె పూసను వేళ్ల మధ్య తిప్పి, చిట్లిన చోట గోటితో తడిమింది. నమ్మిందని నాన్నకు అప్పుడే తెలిసింది.

"ఇది నువ్వు పెట్టిందైతే దొంగతనం. కాగితం లేకుండా పాతిపెట్టడం ఇంకో కేసు. ఎముకలు నీకివ్వరు. సంచిలో వేసి అనాథ శవాల గుంటలో పోస్తారు. నా దగ్గరైతే దూదిలో ఉంటాడు." ఆమె నోట్‌బుక్ మూసింది. "ఇప్పుడు చెప్పు. నువ్వు నాకేమైనా చెప్పావా?"

"లేదు మేడమ్."

సాయంత్రం అమ్మ గుమ్మంలోనే అడిగింది. "దొరికాడా?"

"దొరికాడు."

"ఏడీ?"

నాన్న చెప్పాడు. అమ్మ లోపలికెళ్లి మువ్వ దారం తెచ్చి ఆయన కంచంలో పెట్టింది. "గుర్తు నువ్వేనన్నావు" అంది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆయనకు వేడి రొట్టె వడ్డించలేదు. పెనం మీదివి మాకు పెట్టి, ఆయనవి చల్లారాక ముందుకు నెట్టేది. ఆయన అవే తిన్నాడు.

మాల్ తెరిచినప్పుడు కింది అంతస్తులో, కార్లు పెట్టే చోటికి దారిలో, వాడిని గిన్నెలతో సహా ఉంచిన అద్దాల పెట్టె పెట్టారు. పక్కన నాన్నను నిలబెట్టి ఫొటో తీశారు. తాపీ చేతిలో పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు.

మొన్న ఫిబ్రవరిలో నాన్న పోయాడు. ఆయన కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. శ్మశానంలో అరగంటలో పని అయిపోయింది. తిరిగి వస్తుంటే, మాల్ దగ్గర బస్సు దిగుదామంది అమ్మ. అంతకుముందు ఒక్కసారి కూడా వెళ్లలేదు.

'శిశువు. సుమారు రెండువేల ఏళ్లు' అని చీటీ ఉంది. నేను చదివి వినిపించాను. అమ్మ చీటీ వైపు చూడలేదు. పైన వెలుగుతున్న లైటును చూసింది.

"రాత్రిళ్లు ఇది ఆర్పుతారా బాబూ?" అని కాపలా కుర్రాడిని అడిగింది.

"ఆర్పం అమ్మమ్మా. కెమెరాలకు వెలుగుండాలి."

"పుట్టినప్పటి నుంచీ వెలుగులో నిద్రపోయేవాడు కాదు" అంది అమ్మ. భుజం మీది శాలువా తీసి పెట్టె మీద కప్పింది.

కుర్రాడు దాన్ని తీసి, మడతపెట్టి, మర్యాదగా ఆమె చేతికిచ్చాడు.