మళ్ళీచెప్పుగారి కంప్యూటర్ చదువు

ఆ లాయర్ల ఆఫీసులో అందరికంటే పెద్ద లాయరుగారికి ఒక్కటే జబ్బు. కంప్యూటరు గురించి ఏది చెప్పినా "మళ్ళీ చెప్పు" అంటారు. చెవులు భేషుగ్గా ఉన్నాయి. కోర్టులో అవతలి లాయరు గొణుక్కున్నా పట్టేస్తారు. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం మూడోసారికి గానీ ఏదీ బుర్రకెక్కదు. అందుకే ఆఫీసంతా చాటున ఆయన్ని మళ్ళీచెప్పుగారు అనేది.

ఇక ఫైళ్ళన్నీ కంప్యూటర్లోనే ఉండాలనీ, నెలాఖరు పరీక్ష తప్పిన సిబ్బంది ఇంటికేననీ కుర్ర భాగస్తులు తీర్మానించారు. నేర్పడానికి ఒక ట్రైనరమ్మాయి వచ్చింది. మొదటిరోజే ఆమెకు చుక్కలు కనిపించాయి.

"ఇక్కడ 'అంగీకరిస్తున్నాను' అని నొక్కండి సార్."

"దేనికి?"

"షరతులకి. ఎవరూ చదవరు సార్, నొక్కేస్తారు."

"చదవకుండా సంతకం పెట్టమని లాయరుకే చెప్తున్నావా తల్లీ?" అని కళ్ళజోడు తుడుచుకుని, షరతులన్నీ పైకి చదవడం మొదలుపెట్టారు. సగంలో అభ్యంతరం లేవదీశారు. ఆ పూట పాఠం అంతటితో సరి.

మర్నాడు ఇంకో గొడవ. "'పాస్‌వర్డు మర్చిపోయారా?' అంటోందమ్మా. నా మతిమరుపు సంగతి దీనికెవరు చెప్పారు?"

"అది అందర్నీ అడుగుతుంది సార్!"

"అలాగా! ఏదీ, మొదట్నుంచీ మళ్ళీ చెప్పు."

కుర్ర లాయర్లు కిసుక్కుమన్నారు. అమ్మాయి పళ్ళు నూరుకుంటూ మళ్ళీ చెప్పింది.

ఒకరోజు ఆయన క్లాసుకి రాలేదు. హమ్మయ్య అనుకుంది అమ్మాయి. పాఠం రైలులా పరిగెత్తింది. "అర్థమైందా?" అంటే అందరూ తలలూపారు. తీరా చూస్తే టైపిస్టమ్మగారి స్క్రీను మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి ఉంది. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి, మిషను మీద టైపు కొట్టీ కొట్టీ జుట్టు నెరిసింది.

"అడగొచ్చు కదమ్మా?"

"ముసల్దానికి రావట్లేదని పంపించేస్తారేమోనని... రోజూ సారే అడిగేవారు కదండీ, నేనూ వినేసేదాన్ని."

అమ్మాయికి ఏదో అనుమానం వచ్చింది. తిన్నగా ఆయన గదికి వెళ్ళింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మళ్ళీచెప్పుగారు కంప్యూటర్లోనే జడ్జిగారి ముందు వాదిస్తున్నారు. ఒక చేత్తో కాగితాలు తెర మీద తిప్పుతూ, రెండో చేత్తో టకటకా టైపు చేస్తూ, ఆమె నేర్పని మీటలు కూడా నొక్కేస్తున్నారు!

విచారణ ముగిశాక ఆమెను చూసి కంగారుగా మౌసు తలకిందులుగా పట్టుకున్నారు. "ఈ ఎలుక తోక ఎటుండాలమ్మా?"

"చాల్లెండి సార్, అంతా చూశాను."

ఆయన గొంతు తగ్గించారు. "నాకు రాదంటే నవ్వుతారు. ఆవిడకి రాదంటే తీసేస్తారు. నవ్వితే నాకేం అరిగిపోతుంది? నువ్వు మాత్రం బయట అనకు తల్లీ."

అమ్మాయి అనలేదు. ఆయన మీద పైకి విసుక్కోవడం కూడా మానలేదు. నెలాఖరుకి టైపిస్టమ్మగారు పరీక్ష గట్టెక్కేశారు. ఆ సాయంత్రమే అమ్మాయి దగ్గరకొచ్చి, "పాపం, సార్‌ని ఏమీ అనకండి. ఇకనుంచి నేను నేర్పుతాను" అన్నారు.

మర్నాడు అమ్మాయి ఆ గది ముందు నుంచి వెళ్తూ ఆగింది. పెద్ద లాయరుగారు ఒకటో తరగతి పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నారు. టైపిస్టమ్మగారు ఆయన నెత్తిన నిలబడి దబాయిస్తున్నారు:

"నొక్కండి సార్! భయపడితే చదువెలా వస్తుంది?"